బలి, త్యాగం, సాక్ష్యం: వణుకుడు వ్యాధి పరిశోధనలో వానరం – ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

పార్కిన్సన్స్ వ్యాధి చికిత్స నేడున్న స్థితికి చేరడంలో కోతులపై జరిగిన ప్రయోగాల పాత్ర కాదనలేనిది. ఆ ప్రయోగాలు ధర్మమేనా అన్న ప్రశ్నను సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నుంచి చూసినప్పుడు దానికి మరొక ముఖం కనిపిస్తుంది. అనుమతితో, లెక్కతో, పంజరంలో జరిగిన ప్రయోగం ఒకటి. అనుమతి లేకుండా, లెక్క లేకుండా వాగుల్లో, బావుల్లో జరిగినది మరొకటి. శునశ్శేపోపాఖ్యానం, శిబి కథల ఆధారంగా బలికి, త్యాగానికి గల భేదాన్ని నిర్ణయించి, ఆ భేదం వెలుగులో ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బలి, త్యాగం, ఋణం, సాదృశ్యం, డోపమిన్, పటాన్‌చెరు, శునశ్శేపుడు.

1. ఉపోద్ఘాతం

మన వార్తాపత్రికలు ప్రయోగశాలలో చనిపోయిన జంతువు గురించి రాసేటప్పుడు రెండు మాటలను విచక్షణ లేకుండా వాడుతుంటాయి. ఒకచోట ఆ జంతువు ‘బలి అయింది’, మరొకచోట మానవాళి కోసం ‘ప్రాణత్యాగం చేసింది’. ఈ రెండు మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. త్యాగ క్రియలో ఇచ్చేవాడు తనదే ఇస్తాడు. బలి ఇవ్వడంలో ఇచ్చేవాడొకడు, పోయే ప్రాణం మరొకరిది. మొదటిదానిలో కర్తే కర్మ కూడా. రెండవదానిలో కర్త వేరు, కర్మ వేరు. కర్మను కర్త స్థానంలో నిలబెట్టి ‘కోతి త్యాగం చేసింది’ అని రాసినప్పుడు వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కాని ఆ వాక్యం నిజమైన కర్తను, అంటే మనల్ని, కనబడకుండా దాచివేస్తుంది.

ఇంత చిన్న భాషావిషయం నుంచి పెద్ద ధర్మసందేహం పుడుతుంది. వణుకుతున్న మనిషి చేతిని నిలిపేందుకు నిలకడగా ఉన్న కోతి చేతిని వణికించవచ్చునా? వణికించవచ్చుననుకుంటే, ఆ అనుమతి వెంట మనపై పడే బాధ్యత ఏమిటి? ఈ రెండవ ప్రశ్నకు చర్చల్లో తగిన చోటు దక్కడం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. చారిత్రక నేపథ్యం: మొక్క, కుందేలు, కోతి

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను పరిశీలించి వణుకుడు వాతంపై ఒక చిన్న గ్రంథం వెలువరించాడు. వణుకు ప్రధానంగా గల రోగాన్ని ఆయుర్వేదం కంపవాతమనే పేరుతో గుర్తించింది. మధ్యమెదడులో నల్లని చారగా కనిపించే చిన్న ప్రాంతాన్ని వైద్యులు సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. నల్లపదార్థమని తెలుగు చేసుకోవచ్చు. అక్కడి నాడీకణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి కదలికలను క్రమపరచే కేంద్రాలకు అందిస్తాయి. ఆ కణాలు సగానికి మించి నశించేదాకా రోగం పైకి కనిపించదు. కనిపించేసరికి చేయి వణకడం, అడుగు పడకపోవడం, కండరాలు బిగుసుకుపోవడం, ముఖంలో భావం తగ్గిపోవడం మొదలవుతాయి.

డోపమిన్ ప్రాముఖ్యం తెలియడంలో మన నేలపై పెరిగే రెండు మొక్కలకు చోటుంది. మొదటిది సర్పగంధ. దాని వేరునుంచి తీసిన రిసర్పిన్ అనే పదార్థాన్ని కుందేళ్ళకు ఇస్తే అవి కదలకుండా పడిపోయేవి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి ఎల్-డోపాను ఎక్కించగా అవి తిరిగి లేచి తిరిగాయి. ఈ కృషికి ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండవది మన చేలగట్ల మీద, కంచెల మీద అల్లుకునే దూలగొండి. దాని గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన దామోదరన్, రామస్వామి నిరూపించారు. 1960లో ఏరింగర్, హోర్నికివిచ్ వణుకుడు వ్యాధితో మరణించినవారి మెదళ్ళలో డోపమిన్ లోపాన్ని చూపారు. 1967లో కోట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చే చికిత్సను నిలబెట్టాడు. నేటికీ ఈ రోగానికి ప్రధానమైన మందు లెవొడోపాయే.

అంటే, మొదటి మందు కోతివల్ల రాలేదు. ఈ వాస్తవాన్ని కోతులపై ప్రయోగాలను సమర్థించేవారు తరచు మరచిపోతారు. ఆ తరువాతి కథను వ్యతిరేకించేవారు మరచిపోతారు.

1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు ఉన్నట్టుండి శిలల్లా బిగుసుకుపోయి ఆసుపత్రికి చేరారు. వారందరూ దొంగచాటుగా తయారైన ఒక మత్తుమందును నరాల్లోకి ఎక్కించుకున్నవారు. వైద్యుడు విలియం లాంగ్‌స్టన్, ఆయన సహచరులు ఆ మందును పరీక్షించి, తయారీలో జరిగిన తప్పువల్ల ఎమ్‌పీటీపీ అనే ఉపోత్పత్తి అందులో చేరిందని కనుగొన్నారు. అది మెదడులోకి చేరి, అక్కడ మరొక రూపం పొంది, డోపమిన్ కణాల్లోకే ఎంచుకొని ప్రవేశించి వాటి శక్తి ఉత్పత్తిని ఆపివేస్తుంది. ఈ విషం ఎలుకలపై మనుషులపై పనిచేసినట్లు పనిచేయలేదు. 1983లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు దానిని రీసస్ కోతులకు ఎక్కించగా అవి మనుషుల్లాగే బిగుసుకుపోయాయి. లెవొడోపా ఇస్తే మనుషుల్లాగే తేరుకున్నాయి. మానవవ్యాధిని ఇంత దగ్గరగా పోలిన నమూనా అంతకుముందు లేదు.

ఆ నమూనాయే మరొక మార్గాన్ని తెరిచింది. 1990లో బెర్గ్‌మన్, విచ్‌మన్, డెలాంగ్ అనే శాస్త్రవేత్తలు ఇలా రోగగ్రస్తమైన కోతుల మెదడులో సబ్‌థలామిక్ కేంద్రమనే చిన్న భాగాన్ని నిష్క్రియం చేస్తే రోగలక్షణాలు తగ్గుతాయని చూపారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అప్పటికే మెదడులో సన్నని విద్యుత్ తీగలు అమర్చి వణుకును అణిచే పద్ధతిని అభ్యసిస్తున్నాడు. 1993 నాటికి ఆ తీగలు కోతులు చూపిన ఆ కేంద్రానికి చేరాయి. నేడు హైదరాబాదులోని నిమ్స్ వంటి ఆసుపత్రుల్లో ఈ శస్త్రచికిత్స జరుగుతోంది. సంగారెడ్డినుంచి బస్సెక్కి పంజగుట్టలో దిగే రోగికి ఆ కోతుల సంగతి తెలియదు. తెలియవలసిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు.

3. సాదృశ్య సంకటం

కోతిపై ప్రయోగం చేయడానికి శాస్త్రం చెప్పే కారణం ఒక్కటే: కోతి మనల్ని పోలి ఉంది. దాని మెదడు మన మెదడులా పనిచేస్తుంది. దాని చేయి మన చేయిలా పట్టుకుంటుంది. విషం దానిని మనల్ని కూల్చినట్లే కూలుస్తుంది. ప్రయోగం చేయరాదనడానికి ధర్మం చెప్పే కారణమూ అదే: కోతి మనల్ని పోలి ఉంది. పోలిక పెరిగినకొద్దీ ప్రయోగఫలం విలువ పెరుగుతుంది. అంతే మోతాదులో దాని దోషమూ పెరుగుతుంది. దీనిని సాదృశ్య సంకటమని పిలుద్దాం. ‘కోతి మనలాంటిదే, కనుక ఫలితం నమ్మదగినది’ అని ఒక నోటితో, ‘కోతి మనలాంటిది కాదు, కనుక దోషం లేదు’ అని మరొక నోటితో చెప్పడం తర్కం కాదు, సౌకర్యం.

ఈ సంకటాన్ని తీవ్రతరం చేసినది శాస్త్రమే. 1990వ దశకంలో స్విట్జర్లాండులో వోల్ఫ్‌రమ్ షుల్ట్జ్ కోతుల డోపమిన్ కణాల స్పందనను నమోదు చేశాడు. అనుకోకుండా పండ్లరసం చుక్క దొరికితే ఆ కణాలు ఉత్తేజితమయ్యేవి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతికి తెలిశాక, ఉత్తేజం రసానికి కాక దీపానికి కలిగేది. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలో వాటి స్పందన పడిపోయేది. డోపమిన్ కదలికకే కాక, ఎదురుచూపుకూ సంబంధించినదని దీనివల్ల తేలింది. ఎదురుచూసేది, వచ్చిన దానిని వస్తుందనుకున్న దానితో పోల్చేది అయిన ప్రాణికి జరిగే అన్యాయం శారీరకమైన నొప్పికే పరిమితం కాదు. దానికి ఒక ‘రేపు’ ఉంది. ఆ రేపటిని తీసుకుంటున్నామని మనకు చెప్పినవి దాని నాడీకణాలే.

నైతికతత్త్వవేత్తల్లోనూ ఈ సంకటం కనిపిస్తుంది. 1975లో జంతువిమోచనపై గ్రంథం రాసి ఉద్యమానికి ఊపిరిపోసిన పీటర్ సింగర్, 2006లో ఒక బ్రిటిష్ దూరదర్శన చిత్రంలో ఆక్స్‌ఫర్డ్ నాడీశస్త్రవైద్యుడు టిపు అజీజ్‌తో సంభాషించాడు. సుమారు 100 కోతులతో చేసిన పరిశోధనవల్ల దాదాపు 40,000 మంది రోగులు బాగుపడ్డారని అజీజ్ వాదించాడు. వేరే దారి లేనట్లయితే అటువంటి ప్రయోగం సమర్థనీయం కావచ్చునని సింగర్ అంగీకరించాడు. ఫలితాన్నిబట్టి ధర్మాన్ని తూచే సిద్ధాంతానికి ఆ అంగీకారం సహజమే. టామ్ రీగన్ వంటి హక్కులవాదులకు ఈ లెక్కే అసంగతం: ఒక ప్రాణి జీవితానికి దానిదైన విలువ ఉన్నప్పుడు, దానిని ఎంతమందితో భాగించినా శేషం సున్న కాదు.

ఈ రెండు వాదాలూ ఒక సందర్భాన్ని ఊహించుకొని మాట్లాడుతున్నాయి. ఒకవైపు పంజరంలో కోతి, మరొకవైపు మంచంమీద రోగి. రోగం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ చిత్రంలో లేదు. మన ప్రాచీన కథల్లో ఒకటి ఆ ప్రశ్ననూ కలుపుకొని నడుస్తుంది.

4. శునశ్శేపుడు, శిబి

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానం సుప్రసిద్ధం. సంతానం లేని హరిశ్చంద్రుడు, కొడుకు పుడితే అతనినే నీకు బలి ఇస్తానని వరుణునికి మాట ఇస్తాడు. రోహితుడు పుట్టాక వాయిదాలు వేస్తాడు. కొడుకు అడవికి పారిపోతాడు. మాట తప్పిన రాజుకు పొట్ట ఉబ్బే రోగం వస్తుంది. అడవిలో రోహితునికి ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడు, అతని ముగ్గురు కొడుకులు తారసపడతారు. పెద్దవానిని తండ్రి వదలడు, చిన్నవానిని తల్లి వదలదు. నూరు ఆవులకు నడిమివాడు శునశ్శేపుడు అమ్ముడుపోతాడు. యూపానికి కట్టేవారు లేకపోతే మరో నూరు ఆవులకు తండ్రే కడతాడు. చంపేవారు లేకపోతే ఇంకో నూరు ఆవులకు తండ్రే కత్తి నూరుతాడు. శునశ్శేపుడు దేవతలను స్తుతించగా కట్లు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి; రాజు రోగమూ తగ్గుతుంది. విశ్వామిత్రుడు అతనిని కొడుకుగా స్వీకరిస్తాడు.

ఈ కథలో మన చర్చకు పనికివచ్చే అంశాలు నాలుగున్నాయి. మొదటిది, రోగం రాజుది. దానికి కారణమూ రాజు మాట తప్పడమే. రెండవది, రోగానికి విరుగుడుగా పోవలసిన ప్రాణం, ఆ రోగంతోగాని ఆ మాటతోగాని సంబంధం లేని వాడిది. మూడవది, ఆ ప్రాణం దొరికింది అజీగర్తుని ఆకలివల్ల. కొనేవాడి అవసరం, అమ్మేవాడి దారిద్ర్యం కలిసినచోటే యూపం నాటబడింది. నాలుగవది, ఆ ముగ్గురు కుర్రవాళ్ళ పేర్లూ కుక్క అవయవాల పేర్లే. బలికి ముందే ఆ పిల్లవాడికి జంతువు పేరు పెట్టి ఉంది. ఎవరిని బలి ఇవ్వదలచుకున్నామో వారిని ముందుగా పశువర్గంలో చేర్చడం బలివిధానంలో తొలి మెట్టని ఈ కథ చెప్పకనే చెబుతోంది.

భారతంలోని శిబి కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. డేగ బారినుంచి పారిపోయి వచ్చిన పావురానికి శిబి అభయమిచ్చాడు. డేగ ఆకలీ న్యాయమైనదే. పావురానికి మారుగా మరో ప్రాణిని ఇచ్చి తప్పించుకునే అవకాశం రాజుకు ఉంది. అతని ఏలుబడిలో పశువులకు కొదవ లేదు. అయినా తన తొడ కోసి తూచాడు. చాలకపోతే తానే త్రాసెక్కాడు. శిబిని త్యాగి అనడానికి కారణం అతడు మాంసం ఇవ్వడం కాదు, తన మాంసం ఇవ్వడం. హరిశ్చంద్రుడూ ఇచ్చాడు, నూరు ఆవులిచ్చి కొన్నది ఇచ్చాడు.

ఈ కొలమానంతో చూస్తే ప్రయోగశాలలోని కోతి శునశ్శేపుని స్థానంలోనే ఉంది, శిబి స్థానంలో లేదు. దాని మరణాన్ని త్యాగమనడం దానికి గౌరవమివ్వడం కాదు. దాని మెడలోని తాడును మాటలతో కప్పడం.

5. అనుమతి ఉన్న ప్రయోగం, అనుమతి లేని ప్రయోగం

మన దేశంలో కోతిపై ప్రయోగానికి నియమాలున్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, చిన్న జంతువులతో అదే ఫలితం రాబట్టగలిగితే పెద్ద జంతువులను వాడరాదంటుంది. 1998 నాటి నియమావళి ప్రకారం సంఘం అనుమతి లేకుండా ప్రయోగం జరగకూడదు. ప్రయోగానంతరం జంతువు పునరావాసం బాధ్యతా ప్రయోగకర్తపైనే ఉంది. మన కోతులను పోలియో టీకాకు, వైద్యపరిశోధనకు మాత్రమే వాడాలన్న షరతుతో విదేశాలకు పంపేవారు. ఆ షరతును మీరి సైనిక ప్రయోగాలకు వాడుతున్నారని తెలిసి 1978 ఏప్రిల్ నుంచి భారత ప్రభుత్వం ఎగుమతిని నిలిపివేసింది. నియమాలు ఎంతవరకు అమలవుతున్నాయన్నది వేరే ప్రశ్న. కనీసం కాగితంమీద ఆ కోతికి ఒక లెక్క ఉంది, ఒక సంఖ్య ఉంది, దాని పక్షాన ‘ఎందుకు’ అని అడిగే సంఘం ఉంది.

ఇప్పుడు పటాన్‌చెరు వైపు చూద్దాం. 1972లో అక్కడ ఇక్రిశాట్ ఏర్పడింది. అదే దశకంలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు రూపుదిద్దుకున్నాయి. హైదరాబాదులో ఐడీపీఎల్ స్థాపనతో మొదలైన మందుల తయారీ నైపుణ్యం ఈ వాడల్లో విస్తరించింది. మందుల ముడిరసాయనాలు, పురుగుమందులు, రంగులు తయారుచేసే కర్మాగారాల వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు నడిచాయి. వాగునీటితో సాగైన పొలాలు పాడయ్యాయి. బావినీళ్ళు తాగడానికి పనికిరాకుండా పోయాయి. పటాన్‌చెరులో వైద్యవృత్తి సాగించిన డాక్టర్ కిషన్‌రావు రోగులను చూస్తూనే దశాబ్దాలపాటు ఈ కాలుష్యంపై పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రైతులకు పరిహారం చెల్లించాలన్న ఆదేశాలు వచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన సూచికలో పటాన్‌చెరు-బొల్లారం 70.07 మార్కులతో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోఅకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను స్వీకరించే ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిని పరీక్షించింది. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ‘శుద్ధి’ అయిన తరువాతి నీళ్ళ సంగతి ఇది.

వాగు వెంట ఊళ్ళలో వణుకుడు రోగానికి ఫలానా కర్మాగారమే కారణమని నిర్ణయించడం ఈ వ్యాసం పని కాదు. ఇక్కడి వాదానికి ఆ నిర్ణయం అవసరమూ లేదు. అవసరమైన విషయం ఇది: డోపమిన్ కణాలను చంపే పదార్థాల గురించి కోతులు మనకు చెప్పిన సమాచారం ప్రధానంగా ఇటువంటి వాడలకు సంబంధించినదే. ఎమ్‌పీటీపీ మత్తుమందు వ్యసనపరుల కథగానే ప్రచారం పొందింది. కాని అది రసాయన పరిశ్రమలో వాడుకలో ఉన్న పదార్థం. వృత్తిరీత్యా దానిని తయారుచేస్తూ వచ్చిన ఒక రసాయనవేత్తకు ఈ రోగం సోకిన ఉదంతాన్ని 1983లోనే వైద్యపత్రిక ప్రకటించింది. మెదడులో అది పొందే రూపం, పారాక్వాట్ అనే కలుపుమందుకు నిర్మాణంలో దగ్గరి చుట్టం. మాంగనీసు ధూళి పీల్చిన కార్మికుల్లో ఇటువంటి లక్షణాలు కనిపిస్తాయని 1837లోనే స్కాట్లండ్ వైద్యుడు జాన్ కూపర్ వర్ణించాడు.

అనుమతి ఉన్న ప్రయోగంలో మోతాదు తెలుసు, కాలం తెలుసు, ఎవరిపై జరుగుతున్నదో తెలుసు, ఫలితం నమోదవుతుంది. అనుమతి లేని ప్రయోగంలో ఇవేవీ లేవు. నక్కవాగు ఒడ్డున నీళ్ళు తాగిన గేదెకు గాని, ఆ గేదె పాలు పితికిన ఇల్లాలికి గాని, ఒడిశానుంచో బీహారునుంచో వచ్చి రియాక్టర్ పక్కన పన్నెండు గంటలు నిలబడే కాంట్రాక్టు కూలీకి గాని సమ్మతిపత్రం ఇచ్చినవారు లేరు. పరిహారం వచ్చింది నిజమే. నూరు ఆవులు అజీగర్తునికీ వచ్చాయి. వెల చెల్లించినంతమాత్రాన బలి త్యాగంగా మారదు.

6. రెండు ఆక్షేపణలు

మనిషినీ కోతినీ ఒకే త్రాసులో వేయడం మనిషిని అవమానించడమని ఒక ఆక్షేపణ రావచ్చు. వాడల్లోని కార్మికుల బాధను జంతువు బాధతో పోల్చినప్పుడు ఆ అనుమానం సహజం. మనుషుల్లో కొందరిని పశువుల్లా చూసిన చరిత్ర మనకు ఉంది గనుక ఈ ఆక్షేపణను తేలికగా తీసుకోరాదు. అయితే ఇక్కడి వాదం మనిషి, కోతి సమానమని కాదు. కోతికైనా ఇవ్వవలసి వచ్చిన రక్షణ మనిషికి దక్కకపోవడం సమాజానికి సిగ్గుచేటని. శునశ్శేపునికి కుక్క పేరు పెట్టినది ఈ పోలిక కాదు. పోలికకు ముందే ఉన్న వ్యవస్థ.

రెండవ ఆక్షేపణ వైద్యుల వైపునుంచి వస్తుంది: కోతి లేకుండా ఈ రోగంపై పరిశోధన సాగదు. దీనిలో సత్యముంది. 2017లో జపాన్‌లోని క్యోటోలో జున్ తకహాషి బృందం మానవ మూలకణాలనుంచి తయారైన డోపమిన్ కణాలను కోతుల మెదడులో నాటి రెండేళ్ళు పరిశీలించింది. అవి బతికి పనిచేస్తున్నాయని, కణుతులుగా మారలేదని నిర్ధారించుకున్నాకే మరుసటి ఏడాది మనుషులపై పరీక్ష మొదలుపెట్టింది. మనిషి మెదడులో నేరుగా ఆ కణాలను నాటమని ఎవరూ అనలేరు.

కాని కోతి చెప్పిందల్లా మనిషి విషయంలో నిజం కాలేదు. నాడీకణాలను పోషించే జీడీఎన్‌ఎఫ్ అనే మాంసకృత్తు 1996లో కోతుల్లో మంచి ఫలితమిచ్చింది. మనుషుల్లో జరిగిన పరీక్ష 2004లో ఆగిపోయింది. ఎమ్‌పీటీపీ కోతిలో రోగం కొద్దిరోజుల్లో వస్తుంది; మనిషిలో ఏళ్ళతరబడి చాపకింద నీరులా పాకుతుంది. కోతి రోగలక్షణాలకు నమూనాయే గాని రోగచరిత్రకు నమూనా కాదు. 2023లో మన కేంద్రప్రభుత్వం కొత్త మందుల నియమాలను సవరించి జంతువులు లేని పరీక్షా పద్ధతులకూ చోటిచ్చింది. హైదరాబాదులోని సీసీఎంబీ ప్రాంగణంలోనూ మానవకణాలతో రూపొందించే నమూనాలపై కృషి జరుగుతోంది. ‘వేరే దారి లేదు’ అన్న మాట ఒకసారి చెప్పి ఊరుకునేది కాదు. ప్రతి ప్రయోగానికీ ముందు కొత్తగా నిరూపించవలసినది.

7. ఋణం

ఈ వ్యాసకర్త కుటుంబంలో ఒక పెద్దాయన కొన్నేళ్ళుగా లెవొడోపా వాడుతున్నారు. మాత్ర పనిచేసినంతసేపు ఆయన తన అన్నం తాను కలుపుకోగలరు. మాత్ర ప్రభావం తగ్గాక ముద్ద నోటికి చేరదు. ఆ రెండు స్థితులనూ రోజూ చూసేవారికి కోతులపై పరిశోధనను ఆసాంతం నిరాకరించడం సాధ్యం కాదు. తీసుకున్న మేలును అనుభవిస్తూ, తీసుకోవడమే పాపమని ప్రకటించడం నిజాయితీ అనిపించుకోదు. అట్లని అది మన హక్కు అనడానికీ మనసు ఒప్పదు. హక్కుకూ పాపానికీ మధ్య మన సంప్రదాయంలో మరొక మాట ఉంది: ఋణం.

దేవ, ఋషి, పితృ ఋణాలతో మనిషి పుడతాడని, పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం గృహస్థు నిత్యవిధి అని మన ధర్మశాస్త్రాలు చెప్పాయి. తిన్నదానికి, పొందినదానికి తిరిగి ఇవ్వవలసినది ఉంటుందన్నది ఆ భావన సారం. హక్కు అనుకుంటే లెక్క అక్కడితో ముగుస్తుంది. పాపమనుకుంటే ప్రాయశ్చిత్తంతో ముగుస్తుంది. ఋణమనుకుంటే తీర్చేదాకా ముగియదు.

కోతికి ఈ ఋణం ఎలా తీరుతుంది? పునరావాసం ఒక భాగం. అనవసరమైన ప్రయోగాన్ని మానుకోవడం మరొక భాగం. అసలు భాగం వేరే ఉంది. ప్రయోగంలో కోతి మనకు ఇచ్చినది మందు మాత్రమే కాదు, సాక్ష్యం కూడా: ఫలానా పదార్థం ఫలానా కణాన్ని చంపుతుందన్న సాక్ష్యం. సాక్ష్యాన్ని విని తీర్పు మార్చుకోకపోతే సాక్షిని పిలిచినవాడే దోషి అవుతాడు.

మనకు దీనికొక మేలైన ఉదాహరణ ఉంది. కేసరిపప్పు తినే పేదలకు కాళ్ళు పడిపోయే రోగం మధ్యభారతంలో తరతరాలుగా ఉండేది. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి.ఎస్. శర్మ, పి.ఆర్. అడిగ, తరువాతికాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.ఎల్.ఎన్. రావు ఆ గింజలోని విషాన్ని వేరుచేశారు. 1967లో దానిని కోతుల వెన్నుద్రవంలోకి ఎక్కించి వాటి కాళ్ళు పడిపోవడాన్ని నమోదు చేశారు. అక్కడితో ఆగితే అది క్రూరమైన కుతూహలంగానే మిగిలేది. వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీటిని పారబోస్తే విషం చాలావరకు పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూపారు. విషం తక్కువగా ఉండే వంగడాల కోసం కృషి సాగింది. తెలిసిన విషయం పేదవాడి వంటింటిదాకా నడిచింది. ఋణం కొంతైనా తీరడమంటే ఇది.

డోపమిన్ కణాల విషయంలో ఆ నడక ఎక్కడ ఆగింది? మందు తయారీదాకా వచ్చింది. వాడ గేటు దగ్గర ఆగింది. రియాక్టర్ పక్కనున్న కూలీకి చేతొడుగు, ముసుగు ఉన్నాయా, అతని చేతివణుకును ఏటేటా పరీక్షించేవారున్నారా, వాగులో కలిసేదేమిటో ఊరివారికి తెలిసే భాషలో రాసిపెట్టారా అన్నవి వైద్యప్రశ్నలుగా కనిపించవు. కాని ఆ కోతులు సమాధానమిచ్చినది ఈ ప్రశ్నలకే. వాటిని వదిలి మందు ఒక్కటే తీసుకోవడం, రోగానికి కారణమైన మాట తప్పడాన్ని సరిదిద్దుకోకుండా మరొక శునశ్శేపుని వెదకడమే. మనదగ్గర ‘కోతిపుండు బ్రహ్మరాక్షసి’ అని సామెత ఉంది. కోతి తన పుండును తానే గీరి పెద్దది చేసుకుంటుందని ఎగతాళి. విషాన్ని వాగులో వదిలి, ఆ విషానికి విరుగుడు కోసం కోతిని కోసే సమాజాన్ని చూస్తే సామెత ఎవరికి చెల్లుతుందో తేల్చుకోవడం కష్టం కాదు.

8. ముగింపు

పై పరిశీలననుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. కోతిపై ప్రయోగం బలియే గాని త్యాగం కాదు. దానిని సరైన పేరుతో పిలవడం ధర్మచర్చకు తొలి మెట్టు. మానవుడి బాధ తీవ్రమైనది, వేరే దారి నిజంగా లేనిది అయినప్పుడు ఆ బలి క్షమార్హం కావచ్చునేమో గాని, హక్కుగా ఎన్నటికీ మారదు. అది తీర్చవలసిన ఋణం. ఆ ఋణానికి ప్రధానమైన చెల్లింపు నివారణ. నివారణను పక్కనపెట్టిన సమాజం చేసే ప్రతి కొత్త ప్రయోగం వెనుకటి ప్రయోగాన్ని వృథా చేస్తుంది.

ఐతరేయ కథలో శునశ్శేపుని కట్లు ఊడిన క్షణంలోనే రాజు రోగమూ తగ్గింది. బంధితుని విముక్తీ, రోగి స్వస్థతా పరస్పర విరుద్ధమని హరిశ్చంద్రుడు అనుకున్నాడు. కథ వాటిని ఒకే సంఘటనగా చెప్పింది. నక్కవాగు నీళ్ళు తాగదగినవైన రోజున పంజరాలన్నీ తెరుచుకోవు. కాని కొన్ని తెరుచుకుంటాయి. కొన్ని అసలు అవసరం లేకుండా పోతాయి. ఏవి ఎన్ని అన్నది ప్రయోగశాల నిర్ణయించేది కాదు. వాగు ఎగువన ఉన్నవారు నిర్ణయించేది.